సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు వెర్నియర్ పట్టుకో

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు దగ్గర పల్లె. తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నా, ఈసీఈ రెండో సంవత్సరం. మా కాలేజీ రోబోటిక్స్ టీమ్‌లో చేరాను. కోడింగ్, సర్క్యూట్లు సీనియర్లు ముందే పంచేసుకున్నారు, ఎవరూ వద్దనుకున్న క్యాడ్ పని, అంటే కంప్యూటర్‌లో భాగాలు డిజైన్ చేసే పని నాకు వచ్చింది. టెన్నిస్ బంతిని పట్టుకుని డబ్బాలో వేసే గ్రిప్పర్ డిజైన్ చేయాలి. నా ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్. ఒక సీనియర్ ఇచ్చిన సాలిడ్‌వర్క్స్ క్రాక్ కాపీ వేసుకుంటే అది తెరుచుకోవడానికే యుగం పడుతోంది. వీడియోలు చూసి కీచైన్, టేబుల్ ఫ్యాన్ చేశాను గానీ గ్రిప్పర్ అనేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్ళు మూడు నెలల కోర్సు, సర్టిఫికెట్ ఇస్తాం, వెంటనే అడ్వాన్స్ కట్టమంటున్నారు. మెకానికల్ వాళ్ళేమో ‘ఈసీఈకి ఇదంతా ఎందుకు’ అంటున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? కోర్సులో చేరాలా వద్దా?

సమాధానం:

చెల్లెమ్మా, అడ్వాన్స్ కట్టకు.

కోర్సు చెడ్డదని కాదు. డ్రాఫ్టింగ్ ఉద్యోగానికి వెళ్ళాలనుకునే మెకానికల్ అబ్బాయికి అది పనికొస్తుందేమో. కానీ అలాంటి కోర్సులు కమాండ్ల వరసలో నడుస్తాయి, ఈరోజు ఎక్స్‌ట్రూడ్, రేపు రివాల్వ్, ఎల్లుండి లాఫ్ట్ అంటూ, ఆ మూడు నెలల్లో నీ గ్రిప్పర్ ఎక్కడా రాదు. పైగా నీకున్న ఇబ్బంది కమాండ్లది కాదు. నువ్వే రాశావు, వీడియో చూసి ఫ్యాన్ చేశానని. ఆ వీడియోలో ఆయన ‘ఇక్కడ 40 వేయండి’ అన్నాడు, నువ్వు 40 వేశావు. గ్రిప్పర్ దగ్గర 40 వేయమని చెప్పేవాళ్ళు లేరు, అందుకే చెయ్యి ఆగిపోయింది. ఆ 40 ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడమే డిజైన్. అది మోటార్ నుంచి వస్తుంది, పట్టుకోవాల్సిన బంతి నుంచి వస్తుంది, స్క్రూ సైజు నుంచి, కొన్న షీట్ మందం నుంచి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో గీయడం ఆ తర్వాతి పని.

అయినా సాఫ్ట్‌వేర్ అడిగావు కాబట్టి అది ముందు తేల్చేద్దాం. నీ ల్యాప్‌టాప్‌కి ఆన్‌షేప్. ఇన్‌స్టాల్ చేయడానికేమీ లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, లెక్కల భారం చాలావరకు వాళ్ళ సర్వర్ మోస్తుంది. మిగతా ట్యాబ్‌లు మూసేసి పని చేసుకో, 4 జీబీతో నీ గ్రిప్పర్ వరకు నెట్టుకురావచ్చు. కాలేజీ ల్యాబ్‌లో కూర్చున్నా, హాస్టల్లో కూర్చున్నా అదే ఫైల్. నువ్వు గ్రిప్పర్ చేస్తుంటే ఇంకొకరు అదే డాక్యుమెంట్‌లో ఛాసీ చేయొచ్చు, ఎవరైనా పాడుచేస్తే హిస్టరీలో వెనక్కి వెళ్ళొచ్చు. టీమ్ పనికి నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, పెన్‌డ్రైవ్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’ అని మూడు ఫైళ్ళు తిరిగే గోల తప్పుతుంది. ఒక్క జాగ్రత్త: మామూలు ఉచిత ఖాతా తీసుకుంటే నీ డిజైన్లు అందరికీ కనిపిస్తాయి. విద్యార్థుల ఖాతా తీసుకో, అదీ ఉచితమే, అందులో ప్రైవేట్‌గా పెట్టుకోవచ్చు.

హాస్టల్ వైఫై మరీ దారుణమైతే ఫ్రీక్యాడ్ వేసుకో. నెట్ అక్కర్లేదు, లైసెన్స్ గొడవ లేదు, లైనక్స్‌లో కూడా నడుస్తుంది. 2024 నవంబర్‌లో 1.0 వెర్షన్ వచ్చాక చాలా మెరుగుపడింది. అంతకుముందు, మొదట్లో గీసిన ఒక అంచు మారిస్తే ఆ తర్వాత చేసినవన్నీ కకావికలమైపోయేవి, ఆ బాధ ఇప్పుడు బాగా తగ్గింది. ఫ్యూజన్ కూడా విద్యార్థులకు ఉచితం, ఏడాదికోసారి రెన్యువల్ చేసుకోవాలి, మంచిదే, కానీ నీ ల్యాప్‌టాప్ మీద దాన్ని రుద్దకు. ల్యాబ్‌లో గట్టి సిస్టమ్ దొరికితే చూద్దువు.

క్రాక్ కాపీ తీసేయ్. నీతులు చెప్పడానికి కాదు, దాంతో ఏ వైరస్ వచ్చిందో ఎవరికీ తెలియదు, పైగా కొత్త వెర్షన్‌లో మామూలుగా సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో సరిగ్గా తెరుచుకోదు. సీనియర్ దగ్గర ఒకటి, నీ దగ్గర ఒకటి, ల్యాబ్‌లో ఇంకొకటి ఉంటే పోటీ ముందురోజు రాత్రి ఏమవుతుందో ఊహించుకో. స్టెప్ ఫైలుగా (చాలా క్యాడ్ సాఫ్ట్‌వేర్లు చదవగలిగే రకం) మార్చి పంపుకోవచ్చు గానీ, అలా పంపితే ఆకారం వెళుతుంది, దాన్ని ఏ వరసలో కట్టావన్న చరిత్ర వెళ్ళదు, అవతలివాళ్ళు ఒక కొలత మార్చాలన్నా తంటానే. ‘మరి కంపెనీల్లో సాలిడ్‌వర్క్స్ అడుగుతారు కదా’ అంటావేమో. అడిగినప్పుడు నేర్చుకుందువు. సాలిడ్‌వర్క్స్‌ని మొదలుపెట్టిన జాన్ హిర్ష్‌టిక్, మరికొందరు కలిసి పెట్టిందే ఆన్‌షేప్ కూడా, స్కెచ్ గీయడం, దాన్ని లేపడం, భాగాలు కలపడం అనే పద్ధతి రెండిట్లో ఒకటే. బటన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికి కాస్త సమయం పడుతుంది, అంతే.

ఇక అసలు విషయం. ఒక వెర్నియర్ క్యాలిపర్ సంపాదించు. కొనలేకపోతే వర్క్‌షాప్‌లోనో ఫిజిక్స్ ల్యాబ్‌లోనో అడుగు, ఇంటర్ ప్రాక్టికల్స్‌లో పట్టుకుని రికార్డు రాసి మర్చిపోయిన వస్తువే అది. కొన్నాళ్ళపాటు కొత్తది ఏదీ డిజైన్ చేయకు. నీ టేబుల్ మీద ఉన్నవి కొలిచి గీయి: సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్), బ్యాటరీ, చక్రం, మోటార్ క్లాంపు.

కొలవడం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? జవాబు ముందే తెలిసినవాటితో మొదలుపెట్టు. నెమా 17 స్టెప్పర్ మోటార్ ఉంటే దాని స్క్రూ రంధ్రాల మధ్య దూరం 31 ఎంఎం రావాలి, షాఫ్ట్ 5 ఎంఎం, ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి మెట్టు 22. స్కేటింగ్ చక్రాల్లో ఉండే 608 బేరింగ్ అయితే బయట 22, లోపల 8, మందం 7. రాస్ప్‌బెర్రీ పై బోర్డు రంధ్రాలు 58కి 49. నీకు ఆ అంకెలు రాకపోతే వెర్నియర్ వంకరగా పట్టుకుంటున్నావని అర్థం. రెండు రంధ్రాల మధ్య దూరం కొలవడానికి ఒక ఉపాయం ఉంది: కేంద్రాలు కంటికి కనపడవు కాబట్టి, వెర్నియర్ పై దవడలు రెండు రంధ్రాల్లోకి దింపి దూరంగా ఉన్న అంచుల మధ్య కొలువు, అందులోంచి ఒక రంధ్రం వ్యాసం తీసేయ్, కేంద్రాల మధ్య దూరం వచ్చేసింది.

మోటార్ గీయడమంటే దాని మీది స్టిక్కర్, గీతలు, వైండింగ్ అన్నీ గీయడం కాదు. రోబోకి తగిలేవి చాలు: బయటి పెట్టె, స్క్రూ రంధ్రాలు, షాఫ్ట్, వైర్లు ఏ పక్కనుంచి బయటికి వస్తాయి. రెడీమేడ్ మోడళ్ళు గ్రాబ్‌క్యాడ్ వెబ్‌సైట్‌లో బోలెడు దొరుకుతాయి, తీసుకో, తప్పులేదు, కానీ చేతిలో ఉన్న వస్తువుతో ఒకసారి కొలిచి చూసుకో. ఒకే పేరుతో అమ్మే రెండు సర్వోల్లో స్క్రూలు బిగించే చెవుల రంధ్రాలు తేడాగా ఉండటం మామూలే. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి ఎవరో తెచ్చిన సర్వోకి, నెట్‌లో దొరికిన మోడల్‌కి అర ఎంఎం తేడా ఉంటే స్క్రూ ఎక్కదు. షీట్లదీ అంతే, 3 ఎంఎం అని అమ్మే ఆక్రిలిక్ కొలిస్తే తరచుగా 3 కంటే తక్కువే వస్తుంది, ఒకదానిలో ఒకటి దూరే గాడులు 3 అని గీస్తే కట్ చేసి తెచ్చాక వదులుగా ఊగుతాయి.

స్కెచ్‌లో ఒక నియమం ఇప్పటినుంచే పెట్టుకో. ఆన్‌షేప్‌లో గీత నీలంగా ఉంటే దానికి ఇంకా స్వేచ్ఛ ఉంది, మౌస్‌తో లాగితే కదులుతుంది. నల్లగా మారితే పూర్తిగా కట్టుబడింది. అన్నీ నల్లబడే దాకా స్కెచ్ మూయకు. ఇది చాదస్తంలా అనిపిస్తుంది గానీ, తర్వాత బంతి సైజో సర్వోనో మారినప్పుడు ఒక్క అంకె మారిస్తే మిగతాదంతా దానంతట సర్దుకోవాలంటే ఇదొక్కటే దారి.

ఇప్పుడు గ్రిప్పర్. గ్రిప్పర్‌తో మొదలుపెట్టకు, బంతితో మొదలుపెట్టు. టెన్నిస్ బంతి వ్యాసం 65.4 నుంచి 68.6 ఎంఎం మధ్య ఉండాలని, బరువు 56 నుంచి 59.4 గ్రాములు ఉండాలని రూల్. అంటే నీ గ్రిప్పర్ ఈ సైజుల్లో దేన్నైనా పట్టాలి. 67 అనుకుని ఒక వృత్తం గీయి. దాని వెనకాల రెండు పివట్లు (వేళ్ళు తిరిగే ఇరుసులు), వాటినుంచి రెండు వేళ్ళు, ఒట్టి గీతలుగానే. త్రీడీలోకి అస్సలు వెళ్ళకు. వేళ్ళ కోణం మాత్రం ఫిక్స్ చేయకుండా వదిలెయ్, మౌస్‌తో లాగి తెరిచి మూసి చూడు (నల్లబడే దాకా మూయకు అన్నాను కదా, ఈ ఒక్క స్కెచ్‌కి మినహాయింపు). తెరిచినప్పుడు వేలి కొసల మధ్య 85, 90 ఎంఎం ఖాళీ వస్తుందా, అంత తెరిస్తే ముందు చక్రానికి తగులుతుందా, మూసినప్పుడు వేళ్ళు బంతి మధ్యగీతని దాటి ముందుకొస్తున్నాయా లేక వెనకాలే ఆగి బంతిని ముందుకు తోసేస్తున్నాయా, ఇవన్నీ ఈ ఒక్క స్కెచ్‌లో తేలిపోతాయి.

ఆ తర్వాత బలం లెక్క, ఇది కాగితం మీదే. 58 గ్రాముల బంతి, రెండు వేళ్ళు, వేలికి అతికించిన రబ్బరుతో ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే, జారకుండా ఉండాలంటే ఒక్కో వేలు కనీసం 58 గ్రాముల బలంతో నొక్కాలి. రోబో కుదుపులకి, బ్రేకులకి నాలుగు రెట్లు వేసుకో, సుమారు 230 గ్రాములు. వేలు పొడవు 10 సెంటీమీటర్లైతే ఒక వేలికి కావాల్సిన తిప్పే బలం (టార్క్) 2.3 కేజీ-సెంటీమీటర్లు, ఒకే సర్వో రెండు వేళ్ళనీ తిప్పుతుంది కాబట్టి 4.6. ఇప్పుడు చూడు, అందరూ వాడే ఆ చిన్న నీలం ఎస్‌జీ90 సర్వో 4.8 వోల్టుల దగ్గర ఇచ్చేది 1.8, అదీ ఆగిపోయే ముందు గరిష్ఠంగా. సీనియర్లు ‘చిన్న సర్వో చాల్లే’ అంటే ఈ లెక్క వాళ్ళ ముందు పెట్టు. 10 దాకా ఇచ్చే పెద్ద సర్వో తీసుకుంటే సగం బలంతోనే పని జరుగుతుంది, వేడెక్కదు. లేదా వేళ్ళు పొట్టి చెయ్, అప్పుడు మళ్ళీ స్కెచ్‌లోకి వెళ్ళి తెరుచుకునే ఖాళీ చూసుకోవాలి. క్యాడ్ పనంటే ఇలా కాగితానికీ స్కెచ్‌కీ మధ్య నాలుగైదుసార్లు తిరగడమే.

రెండు వేళ్ళూ కలిసి కదలాలంటే మధ్యలో రెండు గేర్లు పెడతారు. వాటి కేంద్రాల మధ్య దూరం అంటే రెండు గేర్ల పళ్ళు కూడి, మాడ్యూల్‌తో (పన్ను సైజు చెప్పే అంకె) గుణించి, సగం చేయడం. మాడ్యూల్ 2, పళ్ళు ఇరవై ఇరవై అయితే 40 ఎంఎం. ఇదిగో, నీ పివట్ల మధ్య దూరం 40 ఇక్కడి నుంచి వచ్చింది. త్రీడీ ప్రింట్ గేర్లైతే దానికి 0.1, 0.2 కలుపు, లేకపోతే పళ్ళు బిగుసుకుని సర్వో మూలుగుతుంది.

ప్రింటింగ్ అన్నాం కాబట్టి, రంధ్రాలు గీసినదానికంటే చిన్నవిగా వస్తాయి. ఎం3 స్క్రూ దూరాలంటే 3 కాదు, 3.3 దాకా గీయి. బేరింగ్ గూడు 22 అని గీస్తే సుత్తి కావాలి. ఎంత వదలాలన్నది మీ ప్రింటర్‌ని బట్టి ఉంటుంది, అందుకని పూర్తి భాగం ప్రింట్ చేసే ముందు 22.0, 22.1, 22.2, 22.3 సైజుల్లో నాలుగు రింగులు ప్రింట్ చేసి బేరింగ్ దూర్చి చూడు. చవకగా తేలిపోయే ఈ పరీక్ష వదిలేసి, ఆరు గంటల ప్రింట్ తీసి సరిపోలేదని ఏడ్చే టీమ్‌లే ఎక్కువ.

ఇంకొకటి, వీడియోల్లో ఇది చెప్పేవాళ్ళు తక్కువ. నువ్వు గీసిన ప్రతి స్క్రూ దగ్గరికీ ఒక చెయ్యి, ఒక అలెన్ కీ వెళ్ళాలి. స్క్రీన్ మీద స్క్రూ ఎక్కడైనా కూర్చుంటుంది, దానికేం. అలెన్ కీని కూడా ఒక భాగంగా గీసుకుని అసెంబ్లీలో ప్రతి స్క్రూ మీద పెట్టి చూడు. పోటీ మధ్యలో సర్వో కాలిపోతే మార్చడానికి గ్రిప్పర్ మొత్తం విప్పాల్సి వస్తే ఆ రౌండ్ పోయినట్టే.

‘ఈసీఈకి ఇదెందుకు’ అన్నవాళ్ళకి జవాబు కూడా ఇక్కడే ఉంది. వాళ్ళు గీసే రోబోల్లో తరచుగా వైర్లకి చోటుండదు, చూడు కావాలంటే. బ్యాటరీ పెట్టెకి సరిగ్గా బ్యాటరీ అంతే గూడు గీస్తారు, కనెక్టర్ ఎటు పోవాలి, వైరు ఎంత వంగుతుంది, మోటార్ డ్రైవర్‌కి గాలి ఎటునుంచి, బోర్డులో యూఎస్‌బీ కేబుల్ పెట్టాలంటే ముందు ఎంత ఖాళీ కావాలి, ఇవేమీ రావు. ఆ పని నీకు తెలుసు. కైక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పీసీబీ (సర్క్యూట్ బోర్డు) చేస్తే దాన్ని స్టెప్ ఫైలుగా తీసి నేరుగా ఆన్‌షేప్ అసెంబ్లీలో కూర్చోబెట్టొచ్చు, కెపాసిటర్ ఎత్తుతో సహా. టీమ్‌లో ఆ రెండూ చేతనైన మనిషి నువ్వొక్కదానివే అవుతావు, అప్పుడు ఎవరూ వద్దనుకున్న పని కోసం వాళ్ళే వచ్చి అడుగుతారులే.

బయట పని చేయించేటప్పుడు రెండు మూడు విషయాలు. లేజర్ కటింగ్‌కి డీఎక్స్ఎఫ్ ఫైలు ఇస్తాం. అవతల సాఫ్ట్‌వేర్ దాన్ని అంగుళాలుగా తీసుకుంటే భాగం 25.4 రెట్లు పెద్దదైపోతుంది. కట్ మొదలుపెట్టకముందే ఏదో ఒక కొలత వాళ్ళ స్క్రీన్ మీద చూపించమను, మొహమాటపడకు. త్రీడీ ప్రింట్‌కి ఇచ్చే ఎస్‌టీఎల్ ఫైల్లో అసలు యూనిట్లే ఉండవు, అక్కడా ఇదే జాగ్రత్త. లేత్ పనికి మాత్రం ఆటోనగర్‌లో ఏ షాపుకి వెళ్ళినా నీ ఫోన్‌లో తిరిగే త్రీడీ బొమ్మ చూపిస్తే ఆయన ‘బాగుందమ్మా, సైజులు చెప్పు’ అంటాడు. ఆయనకి కావాల్సింది కాగితం మీద డ్రాయింగ్. మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో నేర్చుకున్న ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ (వస్తువుని వేర్వేరు వైపుల నుంచి చూసిన బొమ్మల్ని కాగితం మీద అమర్చే పద్ధతి) ఇప్పుడు పనికొస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో షీట్ పెట్టేటప్పుడు అది థర్డ్ యాంగిల్‌లో ఉందేమో చూసి మార్చుకో. షాఫ్ట్ బేరింగ్‌లో బిగుతుగా కూర్చోవాలంటే ఆ బేరింగ్‌నే వెంట తీసుకెళ్ళు, దానికి సరిపోయేలా ఆయనే తిప్పి ఇస్తాడు.

టీమ్‌కి ఒక్క మాట గట్టిగా చెప్పాలి, నువ్వు చిన్నదానివైనా సరే. చాలా కాలేజీల్లో రోబో కట్టేశాక రిపోర్టులో బొమ్మ కోసం క్యాడ్ చేస్తారు, అందుకే ఆ పనికి విలువ లేదు, అందుకే అది నీదాకా వచ్చింది. కట్ చేయకముందే అసెంబ్లీలో అందరూ చూసి ఒప్పుకోవాలి. ఒక పెద్ద స్కెచ్ పెట్టు: రోబో బయటి హద్దులు, చక్రాల కేంద్రాలు, గ్రిప్పర్ ఎత్తు. అందరి భాగాలూ దాన్నుంచే కొలతలు తీసుకోవాలి. హద్దులు రూల్‌బుక్‌లోంచి తీసుకో, పాత రోబోని చూసి కాదు, రోబోకాన్ లాంటి పోటీల్లో ఆట ఏటా మారిపోతుంది. ప్రతి భాగానికీ మెటీరియల్ చెప్పి పెట్టు, బరువు దానంతట లెక్కవుతుంది. అల్యూమినియం ఘన సెంటీమీటర్‌కి 2.7 గ్రాములు, ఇనుము దాదాపు 7.85, ఏది ఎక్కడ మార్చాలో ఆ పట్టిక చూస్తేనే తెలుస్తుంది. కటింగ్‌కి పంపిన రోజు ఆన్‌షేప్‌లో ఒక వెర్షన్ తీసి తేదీ వేసి ఉంచు, ‘నువ్విచ్చిన ఫైలే తప్పు’ అన్నప్పుడు చూపించడానికి.

సర్టిఫికెట్ గురించి ఇంట్లో అడుగుతారేమో, నాన్నకి ఇలా చెప్పు: ఇంటర్వ్యూలో ఆ కాగితం కంటే, నేనే కొలిచి గీసి చేయించిన గ్రిప్పర్ బ్యాగులోంచి తీసి టేబుల్ మీద పెడితే అడగడానికి వాళ్ళకి పది ప్రశ్నలు దొరుకుతాయి, నాకు పది జవాబులు ఉంటాయి అని. అడ్వాన్స్ డబ్బుల్లో కొంత పెట్టి ఒక వెర్నియర్, చిన్న అలెన్ కీల సెట్టు కొనుక్కో. డిజిటల్ వెర్నియర్ తీసుకుంటే దాని బటన్ బ్యాటరీ ఇంకొకటి దగ్గర పెట్టుకో, ఆఫ్ చేసినా అవి కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి.